తూము గోడకు చరిత్ర లేదా?

ఒక సదస్సులో నవ్వకూడని చోట నవ్వాను. ఈ వ్యాసం ఆ నవ్వుకు నేను చెప్పుకుంటున్న సంజాయిషీ.

తెర మీద ఒక ఫోటో పడింది. చెరువు తూము గోడ, గోడలో ఇమిడిపోయిన నాలుగు పలకల రాతి స్తంభం, దాని మీద జైన తీర్థంకరుడి బొమ్మ. మాట్లాడుతున్న పెద్దాయన చాలా చదువుకున్నవారు, నేను గౌరవించే మనిషి. ఒక్క క్షణం ఆగి, "చూశారుగా, వెయ్యేళ్ల శిల్పాన్ని పట్టుకెళ్లి తూముకు పెట్టారు మన ఊరివాళ్లు. ఇంకా నయం, బట్టలుతికే బండ చేయలేదు!" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. బస్సెక్కాక గానీ నాకు గుర్తు రాలేదు: చేవెళ్ల దిక్కున మా అమ్మమ్మ ఇంటి వెనక, బట్టలుతికే బండకు ఒక పక్కన అరిగిపోయిన పద్మం చెక్కి ఉండేది. చిన్నప్పుడు నేను ఆ రేకుల్ని వేలితో లెక్కపెట్టేదాన్ని. ఆ నవ్వులో నేను నవ్వింది మా అమ్మమ్మని చూసి.

ఫోటోలోని ఊరు ఎంకపల్లి. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలో ఉంది. 2023లో అక్కడి చెరువు తూములో రెండు జైన స్తంభాలు బయటపడ్డాయని పత్రికల్లో వచ్చింది. ఒకటి గ్రానైటు, ఒకటి నల్లరాయి. నాలుగు వైపులా ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, మహావీరుడు. పైన కీర్తిముఖాలు. తెలుగు-కన్నడ లిపిలో శాసనాలు కూడా ఉన్నాయి గానీ, రాళ్లు గోడలో బిగించి ఉండటంతో చాలా భాగం కనిపించదు. కనిపించినంతలో చిలుకూరు దగ్గరి బసది ప్రస్తావన ఉంది. రాష్ట్రకూటుల, వేములవాడ చాళుక్యుల కాలంలో, అంటే 9, 10 శతాబ్దాల్లో, చిలుకూరు పేరున్న జైన కేంద్రం. (ఇవాళ చిలుకూరు అంటే వీసాల బాలాజీ. ఊళ్లు కూడా మతం మారతాయి.) పురావస్తు పరిశోధకులు ఈమని శివనాగిరెడ్డి ఈ వివరాలు చెబుతూ, పాడుబడిన బసది నుంచి వందేళ్ల కింద ఈ రాళ్లను తెచ్చి తూముకు అమర్చి ఉంటారన్నారు. వాటిని తీసి భద్రపరచమని ఊరివాళ్లను కోరారు.

ఆయన కోరిక న్యాయమైనదే. నా పేచీ దాని చుట్టూ మనం అల్లుకునే కథతో. ఆ కథ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఒకప్పుడు వైభవం, తరువాత నిర్లక్ష్యం, ఇప్పుడు నగరం నుంచి కారులో దిగిన మనం చేసే ఉద్ధరణ. ఈ కథలో ఊరికి ఉన్న పని ఒక్కటే, విలువ తెలియకపోవడం. 9వ శతాబ్దానికి చరిత్ర ఉంటుంది, 21వ శతాబ్దపు సదస్సుకు చరిత్ర ఉంటుంది, మధ్యలో రాయిని తూముకు పెట్టిన వందేళ్ల కిందటి రోజుకు మాత్రం చరిత్ర ఉండదు. దాని పేరు అజ్ఞానం.

తూము అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఈ మాట అనలేరు. చెరువులో మిగతాదంతా మట్టి పని, తూము ఒక్కటే లెక్క పని. కట్ట ఎంత బలంగా ఉన్నా తూము దగ్గర నీరు ఒత్తుతుంది, అక్కడ రాయి జారితే కట్ట కోసుకుపోతుంది, కట్ట తెగితే ఆయకట్టే కాదు ఊరే పోతుంది. అందుకని తూముకు ఊళ్లో దొరికే అన్నిటికన్నా నికరమైన రాయి వెతుకుతారు. నాలుగు పలకలూ సమంగా చెక్కి, వానకీ ఎండకీ పగలకుండా శతాబ్దాలు నిలిచిన స్తంభం కనిపిస్తే ఏ వడ్డెర మేస్త్రీ వదులుకుంటాడు? ఆ రాయి విలువ వాళ్లకు తెలుసు. ఏ పనికి పెడితే నలుగురికి అన్నం దొరుకుతుందో అక్కడ పెట్టారు. బసది పాడుబడింది, పూజ చేసే మనిషి లేడు. చెరువు బతికి ఉంది. ఇందులో అవమానం ఎక్కడుంది?

ఆ చెరువులో ఆడవాళ్ల పని సంగతి మనం ఎత్తం కూడా. నీటిని వదిలేవాడికి నీరటికాడని పేరుంది, ఊళ్లో హోదా ఉంది, పంటలో వాటా ఉంది. పూడిక మట్టిని గంపల్లో ఎత్తి కట్ట మీదికి మోసిన ఆడదానికి ఏ పేరూ లేదు. "కూలి" అంటాం. మా అమ్మమ్మ 1972 కరువులో చెరువు మట్టి మోసింది. అప్పటికి మా అమ్మ కడుపులో ఉంది. "మొగోళ్లు తవ్విండ్రు, మేము మోసినం. మొగోని గడ్డపార ఆడ్నే ఉంటది బిడ్డా, మాది కట్ట ఎక్కుడు దిగుడు" అని చెప్పేది. మగవాడి కూలి ఆమె కూలి కన్నా ఎక్కువని కూడా చెప్పేది, ఫిర్యాదులా కాదు, ధరలు చెప్పినట్టు.

నేను పిహెచ్‌డి చేసేటప్పుడు ఇలాంటి మాటలతో ఒక అధ్యాయం రాశాను. తెలుగు సాహిత్య చరిత్రలో చెరువు, నీరు, ఆడవాళ్ల శ్రమ అని. దాన్ని తీసేయమన్నారు. "కర్త లేని చోట సాహిత్యం ఎలా అవుతుందమ్మా? పేరు చూపించు, పాఠం చూపించు" అన్నారు. తీసేశాను. అప్పటికి నాకు ఫెలోషిప్ గడువు 4 నెలలుంది. తీసేసిన ఆ 40 పేజీలే నా పరిశోధనలో నిజమైనవని ఇప్పుడు తెలుస్తోంది. సిగ్గుపడి ప్రయోజనం లేదు, కోపం తెచ్చుకుంటే కొంత ఉంది.

పేరు చూపించమంటే చూపిద్దాం. మన రాళ్ల మీద ఆడవాళ్ల పేర్లు లేకపోలేదు. జైనాన్నే తీసుకోండి. తూర్పు చాళుక్య రాజు రెండవ అమ్మరాజు కాలపు కలుచుంబర్రు శాసనం ఉంది, 10వ శతాబ్దానిది. సర్వలోకాశ్రయ జినభవనమనే జైనాలయపు అన్నసత్రం బాగుచేయించడానికి ఆ ఊరిని దానం ఇప్పించింది చామెకాంబ. పట్టవర్ధిక వంశపు స్త్రీ, జైనాచార్యుడు అర్హనందికి శిష్యురాలు, రాజుకు ఇష్టమైన గణిక. 1117లో హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద కడలాలయ బసది కట్టించింది మైలమ, కాకతీయ రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య. మరో మైలమ, గణపతిదేవుడి చెల్లెలు, బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది.

ఈ మూడో ఆవిడ దగ్గర కొంచెం ఆగాలి. బయ్యారం చెరువు శాసనం కాకతీయ చరిత్రకారులకు ప్రాణప్రదమైనది. ఎందుకని? అందులో కాకతీయుల వంశవృక్షం ఉంది. వెన్నయ దగ్గర నుంచి వరసగా మగవాళ్లు. మనం పాఠాల్లో చదువుకున్నది ఆ వరసనే. ఒక ఆడమనిషి చెరువు తవ్విస్తూ రాయించిన రాతిలోంచి మనం తాతలనూ తండ్రులనూ ఏరుకున్నాం, చెరువును, ఆమెను అక్కడే వదిలేశాం. ఎంఏలో ఆ వంశవృక్షాన్ని నేను బట్టీ పట్టాను. దాన్ని చెక్కించింది ఎవరని ఒక్క పరీక్షలోనూ అడగలేదు.

కానీ ఇక్కడ మన స్త్రీవాదులం కూడా కాస్త ఆత్మపరిశీలన చేసుకోవాలి. చామెకాంబ, మైలమ పేర్లు చెప్పి "చూశారా, మధ్యయుగంలోనే మన స్త్రీలు" అని ఛాతీ విరవడం మనకు బాగా అలవాటైంది. వాళ్లు రాణులు, మంత్రి భార్యలు, రాజుకు దగ్గరి మనుషులు. దానం చేయడానికి చేతిలో ఉండాలి. ఇవ్వగలిగిన ఆడది రాతికెక్కింది, మోసిన ఆడది ఎక్కలేదు. ఆ మైలమ చెరువులో మట్టి మోసిన వాళ్లెవరు అని అడగకుండా మైలమను పండగ చేసుకుంటే అది కులీన స్త్రీల చరిత్ర అవుతుంది తప్ప స్త్రీల చరిత్ర కాదు.

చెరువు కథలోకి పేద ఆడదానికి ఇంకో దారి ఉంది, చావడం. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన ముసలమ్మ మరణం ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి కావ్యాల్లో ఒకటని మనమే క్లాసులో చెబుతాం. అనంతపురం పక్క బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంది, బసిరెడ్డి చిన్నకోడలు బలి కావాలని పలుకు వినిపిస్తుంది, ఆమె వెళ్లి నిలబడుతుంది, కట్ట నిలుస్తుంది. త్యాగం అని పిల్లల చేత రాయిస్తాం. కూతురు ఎందుకు కాదు, కోడలే ఎందుకు, పెద్దకోడలు కాక చిన్నకోడలే ఎందుకు అని ఎప్పుడైనా రాయించామా? తెలంగాణలో ఏ చెరువు కట్ట మీద చూసినా కట్ట మైసమ్మ ఉంటుంది. పసుపు, కుంకుమ, వేపాకు. ఆ కట్టను మోసిన ఆడవాళ్లందరికీ ఊరు పెట్టుకున్న ఒకే పేరు అదని నాకు అనిపిస్తుంది. పురావస్తు నివేదికలకు మైసమ్మ పనికిరాదు, ఆమె మీద లిపి ఉండదు కదా.

ఊరి పేరు మాటేమిటి? పత్రికల్లో ఎనికెపల్లి అని కూడా వచ్చింది. ఎంకేపల్లి అని రాసే బోర్డులున్నాయి. పండితుడి చెవికి ఎనికె అంటే ఏనిక, ఏనుగు వినిపిస్తుంది, వెంటనే రాజుగారి గజశాల కనిపిస్తుంది. నా చెవికి ఎంకమ్మ వినిపిస్తుంది. మా వైపు వెంకమ్మలందరూ ఎంకమ్మలే. దీన్ని చరిత్ర అనను, చెవి అంటాను. వాళ్ల ఏనుగు కూడా చెవే.

ఇప్పుడు ఆ స్తంభం కాలానికి వద్దాం. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దంలో, శాకటాయనుడనే వ్యాకరణవేత్త సంస్కృతంలో స్త్రీనిర్వాణ ప్రకరణం రాశాడు. ఆయన యాపనీయ జైనుడు. స్త్రీ శరీరంతో మోక్షం రాదని దిగంబరులు, వస్తుందని యాపనీయులు. ఒంటి మీద బట్ట ఉంటే మమకారం ఉన్నట్టేనని, ఆడది బట్ట లేకుండా తిరగలేదు గనుక ఆమెకు మోక్షం లేదని ఒక వాదన. దానికి ఆయన వాక్యం వాక్యం జవాబు చెప్పాడు. తెలుగు నేల మీద కూడా యాపనీయులకు దానాలిచ్చిన శాసనాలున్నాయి, అదే రెండవ అమ్మరాజు మలియపూండి శాసనం ఒకటి. అంటే ఎంకపల్లి రాయి మీద ఉలి పడుతున్న రోజులకు అటూ ఇటూగా, ఈ దక్కను అంతటా ఆడదాని మోక్షం మీద మగ పండితులు కత్తులు దూస్తున్నారు. ఆడవాళ్లను ఒక్క మాట అడిగినట్టు లేదు. నేమినాథుడు పెళ్లి ఊరేగింపులో పశువుల ఏడుపు విని రథం తిప్పేశాడు కదా, పెళ్లి పందిట్లో మిగిలిపోయిన రాజీమతి పేరు స్తంభాల మీద వెతికినా దొరకదు. ఆ స్తంభాన్ని "గొప్ప శిల్పం" అని తీసి అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు ఈ తగువు కూడా పక్కన పెడతారా? కొలతలు, రాయి రకం, శతాబ్దం మాత్రమే రాస్తారు.

చరిత్ర గల చిన్న ఊరు అనగానే ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణ మోంతాయూ. ఫ్రాన్సు దక్షిణాన పిరనీస్ కొండల్లో, 14వ శతాబ్దంలో సుమారు 250 మంది ఉన్న పల్లె. ఇప్పటికీ అది అక్కడి పాలనలో అతి చిన్న కమ్యూనుల్లో ఒకటి. ఆ ఊరి మీద చరిత్రకారుడు ఎమ్మాన్యుయేల్ ల రువా లదురీ 1975లో రాసిన పుస్తకం లక్షల మంది చదివారు. అందులో ఆడవాళ్లు నోరారా మాట్లాడతారు. ఎవరి తలలో ఎవరు పేలు చూశారు, ఎవరితో ఎవరికి సంబంధం, ఎవరికి దేవుడి మీద ఎంత నమ్మకం, అన్నీ. మొదటిసారి చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. మన ఏ పల్లెకు ఇలాంటి పుస్తకం ఉంది?

తరువాత అర్థమైంది, ఆ మాటలు ఎలా మిగిలాయో. 1318 నుంచి 1325 దాకా ఝాక్ ఫూర్నియే అనే బిషప్పు మతద్రోహం నేరం కింద ఆ ఊరివాళ్లను పిలిపించి విచారించాడు, గుమాస్తాల చేత రాయించాడు. ఆయన 1334లో పోపు కూడా అయ్యాడు. ఆ రిజిస్టరు వాటికన్‌లో భద్రంగా ఉంది. గ్రజీద్ అనే యువతి, ఊరి పాదిరీతో తన సంబంధం ఇద్దరికీ ఇష్టంగా ఉన్నన్నాళ్లూ పాపం అనిపించలేదని విచారణలో చెప్పింది. పీటర్ డ్రోంకి 1984లో మధ్యయుగ రచయిత్రుల మీద రాసిన పుస్తకంలో ఈమె వాంగ్మూలాన్ని కూడా చేర్చుకున్నాడు. ఒక్క అక్షరం రాయని పల్లెటూరి ఆడది అక్కడ రచయిత్రుల వరసలో కూర్చుంది. మా గైడుగారు అడిగిన "కర్త" ప్రశ్నకు నాకు అందిన గొప్ప జవాబు అదే. కానీ ధర చూడండి. ఆ గొంతు మనకు దక్కడానికి ఆమె బోను ఎక్కాల్సి వచ్చింది. దానమిచ్చి రాతికెక్కాలి, లేదంటే చెరువుకు బలై కావ్యానికెక్కాలి, లేదంటే విచారణలో నిలబడి రిజిస్టరుకెక్కాలి. ఎంకపల్లి ఆడవాళ్లు ఈ మూడూ చేయలేదు కాబట్టి వాళ్లకు వెయ్యేళ్లూ లేవా?

ఇదంతా పాత రాళ్ల గొడవ అనుకోకండి. మొయినాబాద్ చుట్టుపక్కల ఎకరం ధర తెలిసినవాళ్లకు ఇది భూమి గొడవ అని అర్థమవుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది (తేదీ చూసి మురిసిపోకండి, మహిళా దినోత్సవంతో దానికి సంబంధం లేదు), 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. మొయినాబాద్ మండలం ఆ అంకెతోనే పాతికేళ్లు బతికింది. కట్టడి రైతుకు కట్టడిగానే ఉంది, ఫామ్‌హౌసులు మాత్రం లేచాయి. 2022 అక్టోబరులో ఎమ్మెల్యేల బేరం కేసుతో మొయినాబాద్ ఫామ్‌హౌసు దేశమంతటికీ తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే 69 జీవోతో ఆంక్షలు సడలిస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. 2025లో ఎంకపల్లి మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఈసారి స్తంభాల కోసం కాదు. రాష్ట్రంలో పెద్ద గోశాలలు కట్టాలని ప్రభుత్వం ఎంచిన చోట్లలో ఈ ఊరు ఒకటి. ఆ భూమిని దున్నుకుంటున్న కుటుంబాలు మా బతుకుతెరువు పోతుందని అడ్డు నిలిచాయి, పోలీసులు దిగారు.

స్తంభాలు దొరికినప్పుడు మురిసిన మన వారసత్వ ప్రేమికుల్లో ఎంతమంది ఈ వార్త దగ్గర ఆగారు? ఊరి రాయికి ఉన్న వెయ్యేళ్ల హక్కు ఊరి మనిషికి రెండు తరాలకైనా లేదా? ఆ సాగుదార్ల పట్టాలు, అనుభవం, పంచనామాలు తిరగేస్తే ఎన్ని ఆడ పేర్లు కనబడతాయో ఎవరైనా లెక్క తీశారా? 1986లో ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇస్తూ చట్టం చేసింది, 2005లో కేంద్రం చేసింది. చట్టం వచ్చినా ధర పెరిగిన భూమిలో చెల్లెలి చేత "నాకొద్దు" అని సంతకం పెట్టించుకోవడం మా కుటుంబంలోనే చూశాను. పెట్టినామె మా అమ్మ. చీర, పసుపు కుంకుమ ఇచ్చారు. శాసన భాషలో చెప్పాలంటే అదీ ఒక దానమే, మా అమ్మ ఇచ్చింది, ఏ రాతి మీదా చెక్కలేదు.

రేపు ఇక్కడ పెద్ద పెద్ద గేట్లతో విల్లాలు లేస్తాయి. వాటికి "బసది" అనో "తీర్థ" అనో పేరు పెట్టి, వెయ్యేళ్ల చరిత్ర గల నేల అని కరపత్రం అచ్చు వేస్తారు. అప్పుడు మన పరిశోధన పత్రాలే వాళ్లకు పనికొస్తాయి.

"అయితే శాసనం చదవొద్దంటావా?" అని నా స్నేహితురాలు, ఎపిగ్రఫీ చేసినామె, నాతో గట్టిగా దెబ్బలాడింది. సున్నం కింద అక్షరాలు కరిగిపోతుంటే తూము మీద ప్రేమ ఒలకబోయడం కూడా సదస్సు విలాసమే కదా అంది. ఆమె మాటలో నిజముంది. చదవాలి. ఆ గోడలో దాగిన వైపున ఒక చామెకాంబ ఉంటే నాకు ఆమె కావాలి. రాళ్లను కాపాడాలి కూడా, దొంగ రవాణాకు ఇలాంటి విగ్రహాలు ఎన్ని పోయాయో మనకు తెలుసు. నేను అడిగేది ఇంతే. తూము పగలగొట్టే ముందు దానికి బదులు తూము కట్టండి. రాయి తీసేటప్పుడు తూము గోడను కూడా కొలవండి, బొమ్మ గీయండి, సున్నం ఎలా కలిపారో, పక్క రాళ్లు ఎక్కడివో రాయండి. ఊళ్లో 80 దాటిన ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఆ చెరువులో ఎవరు మట్టి మోశారు, ఎంత కూలి వచ్చింది, నాట్లప్పుడు తూము ఎవరు తెరిపించారు, బతుకమ్మ ఏ మెట్టు దగ్గర వదిలారు అని అడిగి రాసుకోండి. వాళ్లను ఏ బిషప్పూ విచారించక్కర్లేదు, ఒక చాయ్ తాగేంత సేపు కూర్చుంటే చెబుతారు. ఆ రాతను రాయి పక్కనే, అదే పరిమాణంలో పెట్టండి. మ్యూజియంలో పెట్టినా సరే, ఊళ్లోనే చిన్న పందిరి కింద పెట్టినా సరే. నాకైతే ఊళ్లోనే ఇష్టం.

సదస్సు అయిన వారానికి ఆ ఫోటో అచ్చైన పేపరు పట్టుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. ఇప్పుడామె కళ్లకు పెద్ద అక్షరాలు కూడా ఆనవు, బొమ్మలు ఆనతాయి. వెయ్యేళ్ల రాయి అని చెప్పాను. జైన దేవుళ్లని చెప్పాను. ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. దేవుడి వైపు కాదు, చుట్టూ ఉన్న గోడ వైపు.

"మంచిగనే కట్టిండ్రు తూము" అంది. తరువాత, "చెర్ల నీళ్లున్నయా బిడ్డా?"

వార్త మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ సంగతి రాయలేదు.